నాన్న రాసిన తప్పుడు లెక్క

మీ ఇంట్లో డిజిటల్ బీపీ మిషన్ ఉంటే ఒకసారి బయటికి తీయండి. స్టార్ట్ బటన్ పక్కన 'ఎం' అని ఇంకో చిన్న బటన్ ఉంటుంది. మెమరీ అన్నమాట. నొక్కితే పాత రీడింగులు ఒక్కొక్కటే వెనక్కి వస్తాయి, తేదీ, టైముతో సహా. చాలా ఇళ్లలో దాని జోలికి ఎవరూ వెళ్లరు. నేనూ వెళ్లలేదు. పద్దెనిమిదేళ్లుగా డాక్టర్ని. నాన్నకి ఆ మిషన్ కొని, టైము సెట్ చేసి చేతిలో పెట్టింది నేనే. అయినా ఆ బటన్ ఎప్పుడూ నొక్కలేదు.

నొక్కిన రోజు మాత్రం ఆసుపత్రి బెంచీ మీద చాలాసేపు అలాగే కూర్చుండిపోయా.

నేను గుంటూరులో జనరల్ ఫిజీషియన్ని. కొత్తపేటలో క్లినిక్. కొత్తపేట అంటే మా ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు, అడుగడుక్కీ ఆసుపత్రే. రోజుకి అరవై, డెబ్భై మంది వస్తారు. సగం మందికి బీపీ, షుగరే. వాళ్లకి చెప్పే మాటలు నాకు నిద్రలో కూడా వస్తాయి. ఉప్పు తగ్గించండి, నడవండి, ఏడు గంటలు పడుకోండి, బిళ్లలు మానకండి, నంబర్లు రాసుకోండి. బాగా బతకడమంటే ఏంటి డాక్టర్ గారూ అని ఎవరైనా అడిగితే మొన్నమొన్నటి వరకూ నా జవాబు ఇదే. నంబర్లు బాగుంటే మనిషి బాగున్నట్టే.

మా నాన్నకి డెబ్భై ఆరు. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. తెనాలి దగ్గర మా ఊళ్లో ఒక్కడే ఉంటాడు. అమ్మ పోయి నాలుగేళ్లు. "గుంటూరు వచ్చెయ్ నాన్నా" అని నేననడం, "ఇక్కడ నాకేం తక్కువరా" అని ఆయన అనడం, ఏడాదికి రెండుసార్లు జరిగే తంతు.

మా ఇద్దరి మధ్యా దూరం ముప్పై కిలోమీటర్లు. ఇది ముందే చెప్పాలి. ఎందుకంటే ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లు అనగానే మనకి అమెరికాలో ఉన్న పిల్లలే గుర్తొస్తారు. వాళ్ల మీద రీల్స్, షార్ట్ ఫిల్ములు బోలెడు. నేను డల్లాస్‌లో లేను. బండేసుకుంటే గంటలో మా ఇంటి అరుగు మీద ఉంటా.

రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి క్లినిక్ కట్టేసి కారెక్కాక ఫోన్ చేసేవాణ్ణి.

"నాన్నా, ఎంతుంది?"

"నూట ముప్పై రెండు, డెబ్భై ఎనిమిది."

"షుగర్?"

"పొద్దున నూట పద్దెనిమిది."

"బిళ్లలు వేసుకున్నావా?"

"ఆఁ."

"సూపర్. పడుకో మరి."

అంతే. ఇంటి గేటు దాకా కూడా అక్కర్లేదు, మొదటి సిగ్నల్ దగ్గరే అయిపోయేది. నా దగ్గరికొచ్చే పేషెంట్ల పిల్లలెవరూ ఇంత పద్ధతిగా కనుక్కోరని లోలోపల కాస్త గర్వంగా కూడా ఉండేది.

నూట అరవై నాలుగు

పోయిన ఏడాది వానాకాలం. ఒక మంగళవారం రాత్రి నాన్న "నూట అరవై నాలుగు, తొంభై రెండు" అన్నాడు. నేను కారు పక్కకి తీసి ఆపా. తల తిరుగుతోందా, నొప్పిగా ఉందా, ఊరగాయ ఎంత వేసుకున్నావు, రాత్రి నిద్రపట్టిందా, ఎవరితోనైనా గొడవపడ్డావా? అన్నీ అడిగా. ఆయన అన్నిటికీ తీరిగ్గా జవాబులు చెప్పాడు. మధ్యలో పక్కింటి వాళ్ల గేదె ఈనిందన్నాడు. స్కూలు ప్రహరీ మళ్లీ కూలిందన్నాడు. ఆదివారం వెళ్లా. నేను చూస్తే నూట ముప్పై. "ఇప్పుడు తగ్గిందిలే" అన్నాడు. అక్కడే భోంచేసి సాయంత్రం వచ్చేశా.

తర్వాతి వారం మళ్లీ మూడు రాత్రులు నూట అరవై. ఆ పైవారం కూడా. ఆ ఆదివారం నాకు కుదర్లేదు, గుంటూరులోనే ఏదో మెడికల్ మీటింగు. ఫోన్లోనే చెప్పేశా. "నాన్నా, టెల్మిసార్టన్ నలభై బదులు ఎనభై వేసుకో."

ఇక్కడ నా తప్పు దాచుకోను. పెద్దవయసు వాళ్లకి బీపీ మందు పెంచే ముందు కూర్చోబెట్టి ఒకసారి, లేపి నిలబెట్టాక మూడు నిమిషాల్లోపు ఇంకోసారి చూడాలి. నిలబడగానే పై నంబర్ ఇరవై దాకా పడిపోతోందంటే ఆ మనిషి ఎప్పుడో ఒకప్పుడు కింద పడతాడు. మందు పెంచామా, ఇంకా ముందే పడతాడు. హౌస్ సర్జన్లకి ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పుంటానో లెక్కలేదు. బయటివాళ్ల నాన్నకైతే ఫోన్లో డోసు పెంచేవాణ్ణి కాదు. "తీసుకురండి, చూసి చెప్తా" అనేవాణ్ణి.

పదకొండో రోజు తెల్లవారుజామున బాత్రూమ్‌కి లేచి గడప దగ్గర పడిపోయాడు. ఎడమ మణికట్టు విరిగింది. నుదురు చిట్లింది. పక్కింటి పిన్ని చప్పుడు విని వెళ్లి చూసి నాకు ఫోన్ చేసింది. స్కాన్‌లో తలకేమీ కాలేదు. తుంటి కూడా విరగలేదు. ఆ వయసులో తుంటి విరిగితే ఎలా ఉంటుందో నాకు తెలుసు, అందుకే ఆ ఎక్స్‌రే వచ్చేదాకా నేను కూర్చోలేదు.

ఎమర్జెన్సీలో బీపీ చూస్తే తొంభై ఎనిమిది, అరవై. నిన్న రాత్రి నాకు చెప్పింది నూట యాభై ఎనిమిది. రాత్రికీ తెల్లారికీ మధ్య తేడా ఉంటుంది గానీ ఇంతా? పిన్ని సంచిలో బట్టలతో పాటు మిషన్ కూడా పెట్టి పంపింది, నంబర్లు రాసే పొడుగు నోటుబుక్కు కూడా. అప్పుడు నొక్కా, 'ఎం' బటన్.

నోటుబుక్కులో మంగళవారం రాత్రి: 164/92. మిషన్లో అదే రోజు, అదే టైముకి: 128/76. గురువారం బుక్కులో 160, మిషన్లో 131. ఒక్కో రాత్రీ సరిచూసుకుంటూ వెళ్లా. మూడు వారాల్లో తొమ్మిది తప్పుడు రీడింగులు. డోసు పెంచాక మిషన్లో నూట పది, నూట నాలుగు కనబడుతున్నాయి. బుక్కులో మాత్రం నూట యాభైకి తగ్గలేదు. అన్నీ ఎర్ర ఇంకుతో, గీతలు కొట్టిన గళ్లలో, మాస్టారి దస్తూరీతో నీటుగా ఉన్నాయి.

ఈయన ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పాడు. నాకే ఒకసారి స్టెప్పు రాయలేదని రెండు మార్కులు కోశాడు.

"నంబర్ బాగుంటే పెట్టేస్తావుగా"

మర్నాడు చేతికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉప్మా తింటుంటే అడిగా. కోపంగానే అడిగా. ఆయన చెంచా పక్కన పెట్టి కిటికీ వైపు చూశాడు. తర్వాత మామూలుగా చెప్పాడు.

"నంబర్ బాగుంటే ఫోన్ పెట్టేస్తావుగా."

నాకు మాట రాలేదు. కాసేపాగి ఇంకోటి అడిగా. "మరి బీపీ లేదని నీకు తెలుసుగా, పెంచిన బిళ్ల ఎందుకు వేసుకున్నావు?"

"డాక్టరు చెప్పాక వేసుకోవాలి కదరా. అది మానేస్తే నీ మాట విననట్టు అవుతుంది."

ఇంక ఏమనాలి? కారిడార్లోకి వచ్చి నా ఫోన్లో కాల్ లాగ్ తీశా. నంబర్ బాగున్న రాత్రుల్లో మా మాటలు 48 సెకన్లు, 52 సెకన్లు, 1 నిమిషం 5 సెకన్లు. నూట అరవై అన్న రాత్రుల్లో 14 నిమిషాలు, 19 నిమిషాలు. ఆయన లెక్క తప్పలేదు. ఏ నంబర్ చెబితే ఎంతసేపు వస్తుందో చక్కగా కనిపెట్టేశాడు.

మీరూ ఒకసారి చూడండి, మీ ఫోన్లో కూడా ఉంటుంది. ఎవరి పేరు పక్కన ఎన్ని నిమిషాలున్నాయో.

ఇందులో నాకు బాగా గుచ్చుకున్నది ఇంకోటుంది. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. ఆ ఏడాదే ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఆరోగ్యం మీద మాట్లాడుతూ స్లైడ్లు కూడా వేశా. హార్వర్డ్ వాళ్లు 1938లో మొదలుపెట్టి 724 మంది మగవాళ్లని జీవితాంతం వెంబడించి చూసిన స్టడీ ఒకటి. బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో పనిచేసే జూలియన్ హోల్ట్-లున్‌స్టాడ్, ఆమె బృందం 2010లో 148 అధ్యయనాల్ని ఒక్కచోట కూర్చి, మూడు లక్షల మందికి పైగా జనం లెక్కలు తీసింది ఇంకోటి. నలుగురితో బంధాలు గట్టిగా ఉన్నవాళ్లు ఆ అధ్యయనాల కాలంలో బతికుండే అవకాశం మిగతావాళ్ల కంటే 50 శాతం ఎక్కువని తేలింది. 2023లో అమెరికా సర్జన్ జనరల్‌గా ఉన్న వివేక్ మూర్తి ఒంటరితనాన్ని ప్రజారోగ్య సమస్యగా చెబుతూ హెచ్చరిక జారీచేసిన సంగతీ చెప్పా. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి కూడా నాన్నకి ఫోన్ చేసే ఉంటా. నిమిషం దాటి ఉండదు.

ఈ స్టడీల్ని గుడ్డిగా నమ్మమని నేనూ అనను. జబ్బు చేసినవాళ్లే మెల్లగా జనానికి దూరమవుతారు, అందుకని ఏది ముందో ఏది వెనకో విడదీయడం అంత తేలిక కాదు. ఒంటరితనం వల్ల స్ట్రెస్ హార్మోన్లు పెరుగుతాయని, నిద్ర చెడుతుందని చాలా వివరణలున్నాయి. ఉండొచ్చు. కానీ ఓపీలో నాకు రోజూ కనబడే కారణం వాటన్నిటికంటే చాలా సాదాది. మనలో కొన్ని మార్పులు మనకి కనబడవు. పక్కవాళ్లకే కనబడతాయి.

గురక మధ్యలో ఊపిరి ఆగి ఆగి వస్తోందని పడుకున్నవాడికి తెలీదు. షుగర్ ఒక్కసారిగా పడిపోయి పొంతన లేకుండా మాట్లాడుతున్న మనిషికి తను అలా మాట్లాడుతున్నట్టు తెలీదు. మతిమరుపు మొదలైనవాళ్లయితే "నాకేం, బానే ఉన్నా" అనే వస్తారు. వెనక నిలబడ్డ భార్య తల అడ్డంగా ఊపుతుంది. నా డయాగ్నోసిస్ సగం అక్కడే ఉంటుంది.

ఇడ్లీ బండి ఆవిడ

పక్షవాతం వచ్చినవాళ్లని తీసుకురాగానే ఎమర్జెన్సీలో మేము అడిగే మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? పేరు కాదు, వయసు కాదు. "ఈయన్ని మామూలుగా ఉండగా చివరిసారి ఎవరు చూశారు? ఎన్నింటికి?"

మెదడులో రక్తం గడ్డకట్టి వచ్చే పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉంది. దాన్ని నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. ఎంత ముందైతే అంత మంచిది. ఆ గడియారం ఎప్పుడు మొదలైందో చెప్పడానికి ఒక మనిషి కావాలి. చూసినవాళ్లు ఎవరూ లేకపోతే రాత్రి ఎప్పుడో చివరిసారి కనబడ్డ టైము నుంచి లెక్కేసుకోవాలి. పెద్ద సెంటర్లలో స్కాన్లు చూసి కొందరికి ఇంకాస్త వెసులుబాటు ఇస్తారు గానీ, అందరికీ కాదు.

ఇద్దరి సంగతి చెప్తా. వయసూ జబ్బూ ఇంచుమించు ఒకటే. ఒకాయన మంచి ఉద్యోగం చేసి రిటైరైనాయన. మూడు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్, పిల్లలు బయట. పనమ్మాయి పదకొండింటికి వచ్చి బెల్లు కొడితే తలుపు తీయలేదు. ఆయన్ని చివరిసారి ఎవరు చూశారంటే లిఫ్టులో వాచ్‌మన్, అదీ ముందురోజు సాయంత్రం. ఇంజెక్షన్ టైము ఎప్పుడో దాటిపోయింది. ఇప్పటికీ కుడిచెయ్యి లేవదు. ఆయన వాచీ రోజుకి ఎన్ని అడుగులేశాడో చెప్పేది. ఆ నంబర్లు చాలా బాగుండేవి.

రెండో ఆయన మిర్చి యార్డులో ముఠా కూలీ. భార్య లేదు, కొడుకు వేరే ఊళ్లో. రోజూ పొద్దున్నే ఒకే బండి దగ్గర నాలుగు ఇడ్లీ తింటాడు. ఆ రోజు ప్లేటు అందుకుంటుంటే బండి ఆవిడ మొహంలోకి చూసింది. "ఏంది పెద్దాయనా, మూతి అట్టా పోతంది?" అంది. ఆయన ఏమీ లేదన్నాడు, మాట ముద్దగా వచ్చింది. ఆవిడ స్టవ్ ఆపేసి, పక్కనున్న ఆటో ఎక్కించి, తనూ ఎక్కింది. గంటలోపు ఇంజెక్షన్ పడింది. మూడు నెలలకి ఆయన నడుచుకుంటూ నా రూములోకి వచ్చాడు. బస్తాలు మోయొద్దన్నా. వినలేదనుకోండి, అది వేరే విషయం.

ఆవిడ ఆయనకి చుట్టం కాదు. స్నేహితురాలని కూడా అనలేం. పేరు అడిగితే "పేరు తెల్వదు సార్, కారం ఎక్కువేసుకునే ఆయన" అంది. రోజూ ఒక్క నిమిషం మొహం చూస్తుంది, అంతే. మామూలుగా ఎలా ఉంటాడో తెలుసు కాబట్టి మామూలుగా లేడని తెలిసింది. సంబంధాలనగానే మనం ప్రాణస్నేహితులు, లైఫ్ పార్టనర్ అని పెద్దపెద్దవే తలుచుకుంటాం. కూరగాయల బండి, బస్టాపు, టీ కొట్టు ఈ లెక్కలోకే రావు. పది నిమిషాల్లో అన్నీ గుమ్మం ముందుకొస్తున్న రోజుల్లో మన మొహం రోజూ చూసేవాళ్లు ఎంతమంది మిగిలారో మీరే లెక్కేసుకోండి. యాప్‌ల మీద నాకు కోపమేం లేదు, మా ఇంట్లోనూ పాలు అలాగే వస్తాయి.

ఒక ప్రశ్న ఎక్కువ

నాన్న పడిన తర్వాత ఓపీలో ఒక ప్రశ్న కలిపా. బీపీ చూశాక అడుగుతా. చూసేటప్పుడు కాదు. అప్పుడు మాట్లాడితే నంబర్ పెరుగుతుంది, అందుకే ఐదు నిమిషాలు వెనక్కి ఆనుకుని నోరు మూసుకుని కూర్చోమంటాం. చూడటం అయిపోయాక "నిన్న రాత్రి ఎవరితో కలిసి అన్నం తిన్నారు?" అంటా.

చాలామంది నవ్వేస్తారు. కొందరు టీవీతో అంటారు. ఒక అమ్మాయి, ముప్పై ఉంటాయేమో, భగ్గుమంది. "ఎవరూ లేరని నాతో చెప్పించడానికా సార్?" అంది. ఆ ప్రశ్న అందరినీ ఒకేలా అడగకూడదని ఆమె దగ్గర నేర్చుకున్నా. ఒంటరిగా ఉండటం వేరు, ఒంటరితనం వేరు. ఒక్కళ్లే ఉండి హాయిగా ఉన్నవాళ్లున్నారు. ఆరుగురున్న ఇంట్లో ఎవరికీ పట్టనివాళ్లూ ఉన్నారు.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే ఒక కుర్రాడు పండక్కి ఊరొచ్చి నా దగ్గరికొచ్చాడు. ఇరవై ఆరేళ్లు. గుండె దడ. వాచీలో మూడు నెలల హార్ట్‌రేట్ గ్రాఫ్ తీసి చూపించాడు. నాకంటే బాగా చదువుతున్నాడు దాన్ని. ఈసీజీ తీశాం, థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూశాం. ఇవి చూడకుండా "అంతా మనసులోనే ఉంది" అనడం డాక్టర్లు చేసే పెద్ద తప్పు. అన్నీ నార్మల్. అప్పుడు గ్రాఫ్ మళ్లీ చూశా. దడ ఎక్కువగా వచ్చేది ఆదివారం సాయంత్రాలే.

"ఆదివారం ఏం చేస్తావు?"

"ఏం లేదు సార్. రూమ్‌లోనే."

"శుక్రవారం ఆఫీసు కాల్ అయ్యాక మళ్లీ సోమవారం దాకా నోరు తెరిచి ఎవరితోనైనా మాట్లాడతావా?"

ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "డెలివరీ అబ్బాయికి ఓటీపీ చెప్తా సార్" అన్నాడు. అన్నాక తనే నవ్వాడు, మేమిద్దరం నవ్వాం. వెంటనే కళ్లలో నీళ్లు తిరిగాయి వాడికి.

మందేం రాయలేదు. సైకాలజిస్ట్ నంబర్ ఇచ్చా. ఆదివారం పొద్దున పక్క గ్రౌండ్‌లో క్రికెట్ ఆడేవాళ్లతో కలవమన్నా. "ఆట రాదు సార్" అన్నాడు. "ఫీల్డింగ్‌కి ఎవడైనా పనికొస్తాడు" అన్నా. వెళ్లాడో లేదో ఇంకా తెలీదు. నెల తర్వాత రమ్మన్నా, రాలేదు. ఫోన్ చేద్దామని రాసిపెట్టుకున్నా. ఇంకా చేయలేదు, ఈ వారం చేయాలి.

నాన్నని ఆసుపత్రి నుంచి గుంటూరు తీసుకొచ్చేశాం. ఇరవై రెండు రోజులున్నాడు. మా ఆవిడ ఎంత బాగా చూసుకున్నా పొద్దున నేను క్లినిక్‌కి, తను బ్యాంకుకి, పిల్లలు కాలేజీకి వెళ్లిపోతే నాలుగో అంతస్తు బాల్కనీలో ఆయనొక్కడే. మా ఊళ్లో ఉన్నదానికంటే ఎక్కువ ఒంటరి. కట్టు విప్పిన రోజే సంచి సర్దుకున్నాడు. "అక్కడైతే కనీసం దారినపోయేవాడు మాస్టారూ అంటాడు" అన్నాడు. పంపించేశా. మందు మళ్లీ నలభైకి తగ్గించా. బాత్రూమ్ గడప తీయించి గోడకి పట్టుకునే కడ్డీ బిగించా. పక్కింటి పిన్నికి నా నంబర్ స్పీడ్ డయల్‌లో పెట్టా. ఆదివారాలు వెళ్తున్నా, అన్నీ కాదు గానీ ఎక్కువే.

రాత్రి ఫోన్ మాత్రం మారింది. నంబర్లు చివర్లో అడుగుతా. మొదట్లో ఇద్దరికీ చేతకాలేదు. బీపీ అడగకపోతే మా మధ్య ఏం మాట్లాడాలో తెలియలేదు, పదేళ్లుగా అలవాటు తప్పింది. "ఇంకేంటి నాన్నా", "ఏముంది రా", మళ్లీ "ఇంకేంటి". అలా ఒక వారం. తర్వాత ఒకరోజు మా చిన్నాడి లెక్కల పుస్తకంలో ఒక లెక్క ఫోన్లో చదివి వినిపించా, నాకు రావట్లేదని. అబద్ధమేం కాదు, నిజంగానే రాలేదు. ఆయన నలభై నిమిషాలు చెప్పాడు. నేను గేటు ముందు కారులోనే కూర్చుని విన్నా.

నిన్న రాత్రి గేదె దూడ గురించి, పంచాయతీ కుళాయి గురించి మాట్లాడుకున్నాక, పెట్టేసే ముందు అడిగా.

"ఎంతుంది?"

"నూట ఇరవై ఎనిమిది."

"నిజమేనా? మెమరీ ఫొటో తీసి పంపు."

"నా మీద నమ్మకం లేదట్రా?"

"లేదు."

నవ్వాడు. ఐదు నిమిషాల తర్వాత వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. మసగ్గా ఉంది, సగం స్క్రీన్‌కి ఆయన బొటనవేలు అడ్డం. పై నంబర్ కనబడట్లేదు. మళ్లీ ఫోన్ చేశా.